కుక్క వాటా

నేను ఒక సీటుని. ఒకప్పుడు నిండు బండిని, కరెంటు సైకిలుని. మోటారూ, బ్యాటరీ, దున్నపోతు మెడంత లావు టైర్లూ ఉండేవి నాకు. ఇప్పుడు మిగిలింది ఈ నల్లటి రెగ్జిను సీటూ, దాని కింద రెండు స్ప్రింగులూ. దీని మీద ఒక ముసలి కుక్క పడుకుంటుంది. దాని పేరు మిరియం. నా కథ చెబుతాను గానీ ఆ పేరు మాటిమాటికీ వస్తుంది. నేనెలాగూ ఓర్చుకోలేకపోయాను, మీరైనా ఓర్చుకోండి.

నన్ను చేసింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. కొండల్లోకి వేటకు పోయే దొరల కోసం చేశారు. చెట్ల మధ్య నిలబడితే జంతువు కంట పడకూడదని ఒళ్లంతా ఎండుటాకుల రంగు పూశారు. హ్యాండిలు పక్కన తుపాకి తగిలించుకోవడానికి కొక్కెం, వెనక వేటని కట్టి తేవడానికి గట్టి క్యారియరు పెట్టారు. అన్నిటికంటే నా గొప్ప నా మౌనం. పెట్రోలు బండిలా ఊరందరికీ చాటింపు వేసుకుంటూ పోను. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉండేది: గడ్డం దొర, ఆయన కింద నేను, నా వెనక కొమ్ముల దుప్పి. ఆ బొమ్మలో కుక్క లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నన్ను తెప్పించుకున్నది విశాఖపట్నంలో వర్మగారనే ఆసామి. ఫోనులో ఏదో వీడియో చూసి మోజుపడ్డారట. నేను ఓడెక్కి, లారీ ఎక్కి వచ్చాక, ఆయన స్నేహితుడైన లాయరుగారు మన దేశంలో వేటకు పోతే బోనులో పడేది జంతువు కాదని చెప్పారు. వర్మగారు ఉసూరుమన్నారు. అప్పటికే వేట బట్టలు కుట్టించుకున్నారు. ఊరికే పోనివ్వడమెందుకని వాటిని తొడుక్కుని ఒక సాయంత్రం నా మీద బీచి రోడ్డులో తిరిగారు. ఎవరికీ కనపడకుండా ఉండటానికి కుట్టిన ఆ బట్టల్లో ఆయన్ని బీచి మొత్తం చూసింది.

ఆ తర్వాత నన్ను పాడేరు అవతల కొండల్లో ఉన్న తన కాఫీ తోటకి పంపేశారు. తోటలో నాలుగు గదులు కట్టి రిసార్టు అని పేరు పెట్టారు. వచ్చిన కొత్త జంటలు నా మీద కూర్చుని ఫొటోలు దిగి పోయేవారు. నాలో వేటబండి ఉందని ఎవరూ అడగలేదు. మంచి వంటవాడిని తీసుకొచ్చి విస్తర్లు కడగమన్నట్టుంది నా బతుకు.

ఆ తోటలో సిల్వరోకు చెట్లకి మిరియం తీగలు పాకించారు. ఒంటి వెదురు నిచ్చెన మీద నిలబడి గుత్తులు కోసేది కిముడు సింగన్న. పక్కనే ఉన్న ఈతగరువు ఊరివాడు. యాభై దాటినా కోతలో ఆయన చేతికి ఎదురులేదు. ఒక తడి ఉదయం నిచ్చెన జారింది. మోకాలు నలిగిపోయి, ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి మడవడానికి రాని కర్రయిపోయింది. వర్మగారు కారేసుకుని వచ్చి చూశారు, నిజంగానే బాధపడ్డారు. ఏదైనా ఇద్దామని చుట్టూ చూస్తే నేను కనిపించాను. నడవక్కర్లేదు, తొక్కక్కర్లేదు, పిడి తిప్పితే అదే పోతుంది, తీసుకెళ్లు సింగన్నా అన్నారు. మనుషులు మంచివాళ్లు. తమకి పనికిరానిది ఎవరికి పనికొస్తుందో ఇట్టే పోల్చేస్తారు.

నాకు మాత్రం అది పండగే. సింగన్న ఈతగరువు వేటపెద్ద అని తోటలో అందరూ చెప్పుకోగా విన్నాను. పుట్టినప్పటి నుంచి ఎదురుచూసిన మనిషి దొరికాడని పొంగిపోయాను. మొదటిరోజే ఆయన నన్ను పక్కనున్న గెడ్డ వాగులోకి దించి ఎద్దుని కడిగినట్టు కడిగాడు. ఆయన భార్య దేవుడమ్మ నా దీపానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఈ ఇంటికి నేనే మహారాణిని అనుకుంటున్నాను, అప్పుడొచ్చింది అది. చిన్నది, నల్లది, మూతి దగ్గర నెరిసింది. నా ముందు చక్రాన్ని వాసన చూసి, తీరిగ్గా కాలెత్తింది.

అది మొదలు రోజూ అదే పూజ. అయినా అది కాదు నాకు మంట. సాయంత్రం సింగన్న అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆ కుక్క వచ్చి ఆయన నొప్పి మోకాలి మీద గడ్డం ఆనించేది. ఆయన దాని చెవి వెనక గోకుతూ కూర్చునేవాడు. ఆయన్ని రోజంతా మోసింది నేను. గోడకి ఆనుకుని, ప్లగ్గులో వైరు పెట్టుకుని చూస్తూ ఉండేదాన్ని. దానికి మిరియం అని ముద్దు పేరు. నాకు బండి. అంతే, ఒట్టి బండి. నేను కరెంటు తాగుతుంటే ఇంట్లో బల్బు మసకబారుతుందని దేవుడమ్మ నన్ను "దీపం తాగే పెయ్య" అనేది. పేరులేని చోట అదే పేరనుకుని సర్దుకుందామనుకున్నాను గానీ, పెయ్యలకి కూడా ఆ ఇంట్లో సొంత పేర్లున్నాయి.

ఇంకో సంగతి. నాకు గొంతు లేదనుకోకండి. బ్యాటరీ అడుగంటితే కీక్ కీక్ మని కూస్తాను. నాకున్న మాట అదొక్కటే. అది రాకుండా చూసుకోవాలని అట్టపెట్టెలో కాగితం కూడా పెట్టారు. దాన్ని వర్మగారే చదవలేదు.

చైత్రం వచ్చింది. ఈ కొండల్లో చైత్రమంటే ఇటుకల పండగ అనే వేట పండగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్లు దారికి దుంగ అడ్డం వేసి, థింసా ఆడుతూ, వచ్చేపోయేవాళ్ల దగ్గర పండగ మామూలు అడుగుతారు. పోయినవాళ్లు ఒట్టి చేతులతో తిరిగొస్తే వాళ్లే కుండల్లో పేడనీళ్లు కలిపి నిలబడతారు. ఫారెస్టువాళ్లు జంతువు జోలికి పోవద్దంటారు, పెద్దలు పండగ మానొద్దంటారు. అందుకని చాలా ఏళ్లుగా వేటంటే వెళ్లడం, నిలబడటం, తిరిగొచ్చి పేడనీళ్లలో తడవడమే. అయినా వేటపెద్ద మర్యాద వేటపెద్దదే. ఊరి విల్లు ఆయన భుజాన ఉంటుంది. కొండ పైన గద్దరాయి దగ్గర ఆయన నిలబడితేగాని కింద డప్పు కొట్టరు. డప్పులకి బెదిరి, చేలు తవ్వే పంది ఏదైనా ఆ రాయి పక్కగా వస్తే మొదటి బాణం ఆయనది.

ఆ విల్లు సింగన్న ఇంట్లో మూడు తరాలుగా ఉంది. గద్దరాయి ఎక్కలేనివాడు విల్లు దించాలని ఊరి కట్టుబాటు. ఆయన మోకాలు చూసి ఈ ఏడు విల్లు చేతులు మారుతుందనే అనుకున్నారందరూ. మారితే వచ్చేది భీమన్నకి. భీమన్న దేవుడమ్మ తమ్ముడు, సింగన్నకి బావమరిది. నోరు తెరిస్తే ఎకసెక్కం. ఆ వారమంతా సింగన్న సరిగ్గా అన్నం తినలేదు. విల్లు దించితే చచ్చిపోయినట్టేనని దేవుడమ్మతో అన్నాడు. నాకు మాత్రం ధీమాగా ఉంది. గద్దరాయి దాకా పాత తోట బాట ఉంది, నాకు టైర్లు ఉన్నాయి.

పండగ ముందు ఊరు కూర్చుంది. ముహూర్తాలు చెప్పే పెద్దని ఈ కొండల్లో దిసారి అంటారు. ఆయన ముందు వాదన నా మీద. చక్రాలు కాళ్లు ఎలా అవుతాయని కొందరు అడిగారు. దిసారి చాలాసేపు చుట్ట పీల్చి, "ఎలాగొచ్చినావని కొండ అడగదు. వొచ్చినావా అని అడుగుతాది," అన్నాడు. ఈ ఏడు సింగన్న గద్దరాయి చేరి, బాణం వేసి వస్తే విల్లు ఆయనదే, లేకపోతే పండగ దిగేలోపు భీమన్నకి ఇచ్చెయ్యాలని తేల్చారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వాటాల మాట వచ్చింది. వేట దొరికితే కొట్టినవాడికి ఒక వాటా, విల్లుకి ఒక వాటా, కుక్కకి ఒక వాటా. అది ఎప్పటినుంచో ఉన్నదే. సింగన్న గొంతు సవరించుకుని, ఈసారి బండికి కూడా ఒక వాటా తియ్యాలి కదా అన్నాడు. నా స్ప్రింగులు జల్లుమన్నాయి. ఆయన నోట నా తరఫున వచ్చిన మొదటి మాట అది. భీమన్న వెంటనే అందుకున్నాడు.

"కుక్క పరిగెడతాది బావా, విల్లు వొంగుతాది. నీ బండి ఏటి సేస్తాది? నిన్ను మోస్తాది. మోసినోడికల్లా వాటా అంటే రేపు నీ సెప్పులికీ ఇయ్యాల."

ఊరంతా నవ్వింది. దిసారి నవ్వకుండా, నెత్తురంటిన దానికే వాటా అని తీర్పు చెప్పాడు. అంటే పంది నా క్యారియరు మీదికి ఎక్కితే నెత్తురు నాకు అంటుతుంది. అంటితే వాటా నాది. ఆ వాటా నేను తినను, తెలుసు. విల్లు మాత్రం తింటుందా? తినడం కాదు. కుక్క పక్కన నా పేరు కూడా ఒక ఆకు మీద ఉండాలి, అంతే. ఆ రోజు నుంచి నాకు మరో ధ్యాస లేదు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచినట్టు, వేట ముందురోజు గాలివాన వచ్చి కరెంటు పోయింది. తెల్లవారినా రాలేదు. సగం కడుపుతో బయల్దేరాను. సింగన్నకి తెలుసు, నాకూ తెలుసు.

భీమన్న వాళ్లు డప్పులతో కింద లోయలోకి దిగారు. మేము తోట బాట పట్టాం. ఆయన భుజాన విల్లు, ముందు మిరియం. ఏళ్ల తరబడి ఆయనకి ముందు నడిచింది అదే, ఆ రోజూ తోక ఎత్తుకుని ముందే నడవబోయింది. నేను కాస్త వేగం పెంచాను. మలుపు తిరిగేసరికి వెనకపడింది. రెండో మలుపుకి నాలుక వేలాడేసింది. నాకు ఎంత హాయిగా ఉందో చెబితే మీరు నన్ను మంచిదాన్ననుకోరు. ముసలిదానివి, ఇంటికిపోయి పడుకో అని కేకెయ్యాలనిపించింది.

సింగన్న బ్రేకు వేశాడు. వెనక్కి చూశాడు. రొప్పుతూ వచ్చిన దాన్ని రెండు చేతులా ఎత్తి, తువ్వాలు మడిచి పరిచి, నా క్యారియరు మీద కూర్చోబెట్టాడు.

నా క్యారియరు మీద! వేటకని నేను దాచుకున్న చోటు మీద! గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఎక్కినంతసేపూ అది పల్లకి ఎక్కినట్టు అటూ ఇటూ చూస్తూ, గుంత వచ్చినప్పుడల్లా ఆయన వీపుకి ఆనుకుంటూ కూర్చుంది. దాని బరువు ఎంతో కాదు. అయినా ఆ కొండ ఎక్కుతుంటే రెండు ఏనుగుల్ని మోస్తున్నట్టు కుతకుతలాడాను. కడుపు లేని నాకు కడుపుమంట ఎక్కడ పుట్టిందో తెలియదు.

గద్దరాయి చేరాం. కింద డప్పు ఇంకా మోగలేదు. సింగన్న నా మీద నుంచి దిగలేదు, దిగితే మళ్లీ ఎక్కడం కష్టం. కాలు రాయికి ఆనించి విల్లు తీశాడు. ఆ నిమిషంలో ఆయన మొహం చూడాలి. మోకాలి సంగతే మర్చిపోయాడు. కాసేపటికి లోయలో డప్పు మోగింది.

వేటకుక్క నేల మూచూస్తూ వస్తే ఎక్కడ ఏముందో ముందే చెబుతుంది. మా మిరియంగారు నేల ముట్టకుండా సవారీ వచ్చారు కదా, ఏ వాసనా పట్టలేదు. మమ్మల్ని పందీ పట్టలేదు, ఎందుకంటే నేను చప్పుడు చెయ్యలేదు. అందువల్ల అది నేరుగా వచ్చేసింది. తుప్పలోంచి బయటికొచ్చి, మూడు బారల దూరంలో అడ్డంగా నిలబడింది. పెద్ద మగపంది. కొండ మీద అంత దగ్గరగా ఎవరికీ ఎప్పుడూ రాలేదని తర్వాత సింగన్నే చెప్పాడు. అది నా మౌనానికి వచ్చిన వేట. నారి చెవి దాకా వచ్చింది. ఒక్క ఊపిరి దూరంలో ఉన్నాయి ఆయన విల్లూ, నా వాటా.

కీక్ కీక్ కీక్.

అది నేనే. బ్యాటరీ అడుగంటింది. ఆపుకుందామంటే ఆగే గొంతు కాదది. పంది గిర్రున తిరిగింది. మిరియం మొరుగుతూ క్యారియరు మీంచి దూకింది. ఆ కుదుపుకి నేను ఒరిగాను, నాతో సింగన్న ఒరిగాడు. ఇద్దరం పక్కనున్న రాతిగుంటలోకి దొర్లాం. నా ముందు ఫోర్కు పుటుక్కున విరిగింది. మోటారు వైర్లు పేగుల్లా బయటపడ్డాయి. ఆయన మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు నా సీటు మీద పడింది. బాణం బాణంలాగే ఉంది.

మిరియం పంది వెనక నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. పోతున్న పందిని చూసింది, గుంటలో ఉన్న మనిషిని చూసింది. వేటకుక్కకి అంతకంటే పరీక్ష లేదు. అది వెనక్కి వచ్చింది. ఆయన లేవబోయి లేవలేకపోయాడు. దాని మెడ మీద తట్టి, "ఎల్లు మిరియం, భీమన్నని తే," అన్నాడు. అది లోయలోకి దిగిపోయింది.

ఇక అక్కడ మేమిద్దరమే. నా బతుకులో సింగన్న నాకొక్కదానికే దక్కింది అప్పుడే. నా చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. విరిగిన ఒళ్లుతో కూడా సంతోషపడ్డానంటే నమ్ముతారా? ఒకసారి సీటు మీద నెత్తురు తువ్వాలుతో తుడిచి, "నీదేటి తప్పు నేదులే," అన్నాడు. ఇంకో మాట అంటాడేమోనని ఎదురుచూశాను. ఆయన కళ్లు మాత్రం కుక్క దిగిపోయిన దారి మీదే ఉన్నాయి.

అది భీమన్నని తెచ్చింది. వెనక డప్పులవాళ్లూ వచ్చారు. భీమన్న బావని అటూ ఇటూ తడిమి, ఎముకలు ఉన్నచోటే ఉన్నాయని చూసుకున్నాక నోరు విప్పాడు. ఈ ఏడు కూడా ఒట్టి కర్రతో పోతే పేడనీళ్లు తప్పవు, కర్రకి ఏదో ఒకటి వేలాడాలి అన్నాడు. పందిని కట్టినట్టే నన్ను తలకిందులుగా వెదురుకి కట్టారు. నలుగురు ఎత్తారు. సింగన్నని భీమన్న వీపున వేసుకున్నాడు.

ఊరి మొదట్లో దుంగ దగ్గర ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముందు దేవుడమ్మ, చంకలో పేడనీళ్ల కుండ. దూరం నుంచి వంగిన వెదురుని చూసి ఎంత పెద్ద వేటో అనుకున్నారు, పాట ఎత్తుకున్నారు. దగ్గరికొచ్చేకొద్దీ పాట సన్నబడింది. దేవుడమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏటిది?"

"ఇనప పంది వొదినోయ్," అన్నాడు డప్పులవాళ్లలో ఒకడు. అలా నాకు ఒక పేరు వచ్చింది.

నవ్వులు రేగాయి. ఆ నవ్వుల మధ్య సింగన్న భీమన్న వీపు మీంచి దిగాడు. ఒంటికాలి మీద నిలబడి, భుజాన్నుంచి విల్లు తీసి, రెండు చేతులా భీమన్న ముందుకి చాచాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన మొహంలోకి ఎవరూ చూడలేకపోయారు. భీమన్న విల్లు తీసుకున్నాడు. ఎకసెక్కం ఆడతాడనుకున్నాను. అతను విల్లు భుజాన వేసుకుని, బావ పడకుండా చెయ్యి ఆసరా ఇచ్చాడు.

"విల్లు నాది బావా. ఆ రాయి కాడ ఎటేపు నిలబడాలో, గాలి ఎటు సూడాలో నాకేటి తెలుసు? పై ఏడు నువ్వొచ్చి సూపించాల. ఇనప పందినే మోసినోళ్లం, నిన్ను మొయ్యలేమేటి?"

సింగన్నని దేవుడమ్మ జవాబు చెప్పనివ్వలేదు. కుండెత్తి మొగుడి మీదా తమ్ముడి మీదా సమంగా దిమ్మరించింది. మిగిలింది నా మీద పోసింది. నేనూ ఒట్టి చేతులతో వచ్చినదాన్నే కదా.

పాడేరు మెకానిక్కు నన్ను చూసి ఈ జాతి సామాను ఇక్కడ దొరకదన్నాడు. వర్మగారి ఫోను మోగి మోగి ఊరుకుంది. అప్పుడు దేవుడమ్మే అంది, నెత్తురంటిన దానికే వాటా అన్నారు, నెత్తురంటిన వేట ఇదొక్కటే, పంచండి అని. దిసారి కాదనలేకపోయాడు. వాటా కావాలని ఏడ్చినదాన్ని వేటనయ్యాను. ముందు చక్రం రిమ్ము దిసారికి పోయింది, దాన్ని వేలాడదీసి ఊరిని పిలవడానికి గంట కొడుతున్నాడు. క్యారియరు మీద దేవుడమ్మ బిందెలు ఎక్కించుకుంది. టైర్లు భీమన్న కోసి చెప్పులు కుట్టించుకున్నాడు. మోసినోడికి వాటా లేదన్న పెద్దమనిషి నా టైర్ల మీదే నడుస్తున్నాడు. చివరికి కుక్క వాటా మిగిలింది. వేటని పట్టిచ్చింది అదే కదా అన్నారు. సీటు దానికిచ్చారు.

ఇప్పటికి అర్థమైందా నేనెందుకిలా మాట్లాడుతున్నానో. ఏడాదంతా అది నా మీద చుట్టుకుని పడుకుంది. దాని వెంట్రుకలు నా కుట్లలో ఇరుక్కున్నాయి. నిద్రలో కాళ్లు ఆడిస్తుంది, ఆ మగపందిని ఇంకా తరుముతున్నట్టుంది. సింగన్న మాత్రం ఆ ఏడాది అరుగు దిగింది తక్కువ. భీమన్న మాటని అందరూ పండగపూట మాట అనుకున్నారు, ఆయనా అలాగే అనుకున్నాడు.

మళ్లీ చైత్రం వచ్చింది. పండగ ఉదయం భీమన్న వాకిట్లోకి వచ్చాడు. భుజాన ఊరి విల్లు, వెనక నలుగురు మనుషులూ, ఒక వెదురూ, తాళ్లూ. రోడ్డు లేని ఊళ్లలో జబ్బుమనుషుల్ని మోసే డోలీ కడుతున్నారు. సింగన్న దాన్ని చూసి, నేనేం చావబోతున్నానా అని కసిరాడు. భీమన్న పట్టించుకోలేదు. మిరియం కింద నుంచి నన్ను లాగి, డోలీ నడుమ బిగించి కట్టాడు. బావ కూర్చుంటే మోకాలు ఒరుసుకోకూడదట.

సింగన్న నా మీద కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఆయన బరువు. నలుగురూ ఎత్తారు. మోటారు లేదు, బ్యాటరీ లేదు, కూసే గొంతు లేదు, అయినా గద్దరాయికే పోతున్నాను. దారి పొడుగునా ఆయన చెబుతూనే ఉన్నాడు, గాలి ఎటుంటే ఎటు నిలబడాలో, పంది తోవ ఏదో. భీమన్న ఒక్క ఎకసెక్కం ఆడకుండా విన్నాడు. వెనక అదొకటి రొప్పుతూ వస్తోంది. ఈసారైనా వెనకే ఉండనీ అనుకున్నాను. మొదటి మలుపులోనే ఆయన ఆపించాడు. మిరియాన్ని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

మళ్లీ ఇద్దర్నీ నేనే మోశాను. ఆయన చెయ్యి కొండ ఎక్కినంతసేపూ దాని తల మీదే ఉంది. పైన నిట్టనిలువు ఎక్కుడు దగ్గర మాత్రం ముందున్నవాడి కాలు జారి డోలీ ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు ఆయన చెయ్యి కుక్కని వదిలి, పడకుండా నా అంచుని గట్టిగా పట్టుకుంది. డోలీ సర్దుకునేదాకా వదల్లేదు. ఆ పట్టు నా వాటా.